వెనక్కి తిప్పని రీలు

పోయిన నెల చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఫోను చూసుకుంటూ ఉన్నట్టుండి లేచి కూర్చుంది.

"తాతయ్యా, మీరు వర్క్ చేశారు కదా, ఆ ఒహాయో కాలేజ్? మీ కోచ్ ఈ లిస్ట్‌లో ఉన్నాడు!"

"ఏం లిస్టే?"

"గ్రేటెస్ట్ టర్నరౌండ్స్. అంటే, టీమ్ చాలా బ్యాడ్‌గా ఉంటే కోచ్ వచ్చి ఫిక్స్ చేస్తాడు కదా, అది. హీ ఈజ్ నంబర్ సిక్స్." వేలితో తెరని పైకి తోసింది. మొహం మారింది. "ఓ... సారీ తాతయ్యా. ఆయన చనిపోయింది. లాస్ట్ మండే."

భాష దిద్దే ఓపిక లేకపోయింది. "ఏం రాశాడో చదువు" అన్నాను. చదివి, తెలుగులో చెప్పడానికి పాపం తంటాలు పడింది. సారాంశం ఇదీ: ఏళ్ళ తరబడి ఓటమి తప్ప ఎరగని కాలేజీకి వచ్చి మూడో ఏడాదికల్లా గెలిపించాడట. బయటినుంచి గొప్పవాళ్ళని తెచ్చుకోలేదట. తను వచ్చేసరికి ఉన్న కుర్రాళ్ళనే, ఎవరికీ అక్కర్లేని కుర్రాళ్ళనే, మొనగాళ్ళని చేశాడట. ఆ పట్టికలో మిగతావాళ్ళకీ ఆయనకీ అదే తేడా అట.

"అబద్ధం" అన్నాను.

వంటింట్లోంచి మా అమ్మాయి, "ఏంటి నాన్నా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అంది.

"ఫేక్ అయితే కామెంట్ పెట్టండి తాతయ్యా" అంది మనవరాలు.

కామెంటట! నలభై ఏళ్ళు దాటిన సంగతి ఆ చిన్న పెట్టెలో పడుతుందా? పట్టికలు రాసేవాళ్ళు గెలుపులు లెక్కపెడతారు. గెలిచిన జట్టు ఫొటోలో లేనివాళ్ళని ఎవరు లెక్కపెట్టాలి? అందుకే ఇది రాస్తున్నాను.

అమెరికా ఫుట్‌బాల్ తెలియనివాళ్ళకి రెండు మాటలు. పేరే ఫుట్‌బాల్, కాలికి పని చెప్పేది ఎప్పుడో ఒకసారి. కోలగా ఉండే బంతిని చంకన ఇరికించుకుని ఒకడు పరిగెడతాడు. వాడికి దారి చెయ్యడానికి ముందువరసలో అయిదుగురు బండలాంటివాళ్ళు అవతలివాళ్ళని గుద్ది పక్కకి నెడతారు. పరిగెత్తినవాడి పేరు పేపర్లో పడుతుంది. నెట్టినవాళ్ళ పేరు వాళ్ళమ్మకి తెలుస్తుంది. మా కాలేజీలో పరిగెత్తేవాళ్ళ పేరు కూడా పేపర్లో పడేది కాదు. శనివారం మధ్యాహ్నం జనం బ్యాండు వినడానికి వచ్చి, సగం ఆట కాగానే కార్లు తీసుకుని వెళ్ళిపోయేవారు.

డెబ్బై ఎనిమిదిలో ఆయన వచ్చాడు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. కాలేజీ ప్రెసిడెంటుకీ కోచే, మంగలికీ కోచే. ఆయన భార్య కూడా నలుగురిలో "కోచ్ ఇంకా తినలేదు" అనేది. మొగుడి పేరు చెప్పని ఆడవాళ్ళు మనవైపే ఉంటారనుకునేవాణ్ణి. నేనూ ఇక్కడ పేరు రాయను. కొంత అలవాటు, కొంత ఆ గౌరవం చెయ్యడం ఇష్టం లేక.

నాది ఫిఫ్తు ఫారం తప్పిన చదువు. మిగతాది పాత పేపర్ల మీదా, లైబ్రరీ బల్లల మీదా నాకు నేనే చదువుకున్నాను. కృష్ణా జిల్లాలో పన్నెండేళ్ళు టూరింగ్ టాకీసు ఆపరేటర్ని. మా ఆవిడ అన్నగారు ఒహాయోలో డాక్టరు. ఆయన పిలిపిస్తే వచ్చాం. తెలుగువాళ్ళ విందుల్లో అందరూ డాక్టర్లు, ఇంజినీర్లు. "మీరేం చేస్తుంటారండీ?" అని నన్నెవరైనా అడిగితే మా బావగారే అందుకుని, "కాలేజీలో" అనేసి మాట మార్చేసేవారు. కాలేజీలోనే. లైబ్రరీ కింద నేలమాళిగలో. క్లాసులకి ప్రొజెక్టర్లు తోసుకెళ్ళి, తోసుకొచ్చే ఉద్యోగం.

ఆయన మొదటిసారి ఆ నేలమాళిగలోకి మెడలో దండలా ఫిల్ము వేలాడేసుకుని దిగాడు. పొట్టి మనిషి, భుజాలకీ తలకీ మధ్య మెడ ఉందా అని వెతుక్కోవాలి. పళ్ళ మధ్య ఈల. ఆ ఈల ఊదగా నేనెప్పుడూ వినలేదు, కొరుకుతూ ఉండేవాడు. స్టేడియంలో ప్రొజెక్టరు ఫిల్ముని నమిలేసిందట. అది అవతలి కాలేజీవాళ్ళ ఆట రీలు. వాళ్ళలో ఒక రివాజు ఉంది: వచ్చేవారం ఎవరితో ఆడాలో వాళ్ళకి మన పాత ఆటల రీళ్ళు మనమే పంపాలి, వాళ్ళవి మనకి పంపుతారు. శత్రువుకి మన గుట్టు మన చేత్తోనే ఇవ్వడం. దాన్ని తెగ్గొట్టకుండా, మార్చకుండా తిప్పి పంపాలి. ఒక కోచ్ పంపిన రీలుని మరో కోచ్ అనుమానించడు. ఆ మర్యాద మీద నడిచేది ఆ వృత్తి.

"నాలుగు చోట్ల తెగింది. ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాడు. ఆయన ఇంగ్లీషుని నా తెలుగులో రాస్తున్నాను.

"నిలబడండి" అన్నాను. బ్లేడుతో గీకి, జిగురు రాసి, నొక్కిపెట్టి, నాలుగూ అతికి చేతికిచ్చాను. ఆయన వేలితో అతుకులు తడిమి చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావ్?"

టూరింగ్ టాకీసులో ఫిల్ము తెగితే ఏమవుతుందో చెప్పాను. ఈలలు, కేకలు, ఆపరేటరు అమ్మనీ అక్కనీ పేరుపేరునా తలుచుకోవడం, నేల క్లాసులోంచి తెర మీదికి చెప్పులు. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"తిట్లు తింటూ చెయ్యి వణక్కుండా అతుకు వేసినవాడివన్నమాట. నాకిక్కడ అలాటివాడే కావాలి. నాతో వచ్చెయ్, ప్రొఫెసర్."

ప్రొఫెసర్! ఆ కాలేజీలో నిజం ప్రొఫెసర్లు నన్ను "ఏయ్, ప్రొజెక్టర్" అని పిలిచేవారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఆ మాట మా ఆవిడకి మూడుసార్లు చెప్పాను.

"ఏమిస్తాడు, జీతం పెంచుతాడా?" అంది.

"పెంచడు."

"మరి మాట ఊరికే వచ్చిందిగా, ప్రొఫెసరేం ఖర్మ, ప్రిన్సిపాలనే అనచ్చు."

మొదటి రోజు ఆయన ప్రతి ఆటగాడి దగ్గరికీ వెళ్ళి వాళ్ళమ్మ పేరు అడిగాడు. ఆట గురించి ఒక్క ముక్క అడగలేదు. వందమంది దాకా ఉన్నారు. మర్నాటినుంచి ఒక్క పేరు తప్పలేదు. "లొరెట్టా ఎలా ఉంది?" "ఐరీన్ మోకాలు తగ్గిందా?" ఆరున్నర అడుగుల కుర్రాళ్ళు ఆ పేరు వినగానే చంటిపిల్లలైపోయేవారు. నన్నూ అడిగాడు. సుబ్బమ్మ అన్నాను. "సూబామా" అని నాలుగుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. సోమవారం, "సూబామా ఎలా ఉంది?" అన్నాడు. పోయి పదేళ్ళయిందన్నాను. టోపీ తీసి, "అయితే సూబామా కొడుకు ఎలా ఉన్నాడు?" అన్నాడు. మా బావగారు అప్పటికి నాలుగేళ్ళుగా నన్ను ఆ మాట అడగలేదు.

ఆదివారం పొద్దున్నే ముందురోజు ఆట ఫిల్ము కడిగించి తెచ్చి నేను ముక్కలు చేసి అతికేవాణ్ణి. ఆయన కూర్చుని చూసేవాడు కాదు. తెర పక్కన నిలబడి, ఆటలో ఒక్కో ముక్కని ఇరవైసార్లు వెనక్కీ ముందుకీ తిప్పించేవాడు. సినిమాని వెనక్కి తిప్పడం నేను అక్కడే నేర్చాను. పడినవాడు లేచేవాడు, గుద్దినవాడు విడిపోయేవాడు. బంతి పట్టుకున్నవాడు ఎటు పోతే అటు ఆయన తన టోపీ తెరమీద అడ్డం పెట్టి వాణ్ణి మూసేసేవాడు. "బంతిని చూడకండి. బంతి అబద్ధమాడుతుంది. పాదాలు చూడండి, పాదాలకి అబద్ధం రాదు." ఆ టోపీ వల్లే ముందువరస అయిదుగురూ మొదటిసారి తమని తాము తెర మీద చూసుకున్నారు. నిజం ఒప్పుకోవాలి, ఆ విద్య ఆయనకి ఉంది.

చలికాలం ఆటలు ఉండవు. అప్పుడు మా ఇద్దరికీ వేరే పని. దేశంలో చచ్చి బతికిన జట్లున్నాయి కదా, వాటి కోచ్‌లకి ఉత్తరాలు రాసి, మొదటి ఏడాది రీలూ మూడో ఏడాది రీలూ తెప్పించేవాడు. మొదటి ఏడాదిలో ఒక ఆట, మూడో ఏడాదిలో అదే ఆట, పక్కపక్కన వచ్చేట్టు నేను అతికేవాణ్ణి. ఆ మహానుభావుల్ని మేం పోల్చేవాళ్ళం. నా నోటుబుక్కులో వాళ్ళకి నేను పెట్టుకున్న పేర్లు: ఊడ్చేవాడు, ఎత్తు మార్చేవాడు, ఉన్నవాళ్ళతో నెగ్గేవాడు.

ఊడ్చేవాడు రాగానే పాతవాళ్ళందర్నీ తరిమేసి కొత్తవాళ్ళని తెచ్చుకుంటాడు. "ఇల్లు బాగుచేశానంటాడు. ఇల్లు మారాడంతే" అనేవాడు కోచ్. ఎత్తు మార్చేవాడు పరిగెత్తలేని జట్టుచేత బంతి విసిరిస్తాడు. "తెలివే. అవతలివాడికి తెలిసేదాకా." మూడోవాడు దక్షిణాది ముసలి కోచ్ ఒకాయన. ఆయన రీలు వేసినప్పుడు మా కోచ్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడేవాడు. కర్రతో తెర మీద ఒక ఆటగాడి వీపునున్న అంకె చూపించేవాడు. "చూడు, డెబ్బై నాలుగు. మొదటేడు పిల్లి. ఇప్పుడు చూడు, అదే డెబ్బై నాలుగు. పులి. అదే తల్లి కన్నబిడ్డ, ప్రొఫెసర్!"

నేనూ ఊరుకోలేదు. మా టాకీసు ముగ్గురు యజమానుల చేతులు మారింది. మొదటాయన స్టాఫుని మార్చాడు, దివాలా. రెండో ఆయన భక్తి సినిమాలు తీసేసి కత్తియుద్ధాలు వేశాడు, ఆరు నెలలు నడిచింది. మూడో ఆయన చిరిగిన డేరా కుట్టించి, మమ్మల్నే పెట్టుకుని, మా చేతే లాభం తీశాడు. అది చెబితే కోచ్ నా భుజం మీద చరిచి, ఆ కథ ఊళ్ళో ప్రతి సభలోనూ చెప్పాడు. చివర్న కుర్రాళ్ళకేసి తిరిగి అనేవాడు: "నేను వచ్చిననాడు ఇక్కడున్నవాడు, మనం గెలిచిననాడూ ఇక్కడుంటాడు."

రెండో ఏడాది ఆటలు ముగిసే రోజుల్లో ఇరాన్‌లో అమెరికావాళ్ళని బందీలుగా పట్టుకున్నారు. పెట్రోలు బంకులో ఇద్దరు నన్ను ఇరానీ అనుకుని, నా కారు అద్దం మీద ఉమ్మి, "మీ దేశం పో" అన్నారు. ఆ సంగతి కోచ్ చెవిన పడింది. శనివారం ఆఖరి ఆట. స్టేడియం నిండా జనం. తన పేరు కుట్టిన జట్టు కోటు నాకు తొడిగి, చెయ్యి పట్టుకుని, మైదానం ఈ చివరినుంచి ఆ చివరిదాకా మెల్లగా నడిపించాడు. కుర్రాళ్ళంతా వెనక నడిచారు. ఊరు నోరు మూసుకుంది. ఆ రోజు ఆయన దూకమంటే నేను బావిలో దూకేవాణ్ణి.

ఇంకా ఘోరమే అడిగాడు. అక్కడికే వస్తున్నాను.

ముందువరసలో ఎడమవైపు డెల్బర్ట్ అని ఒకడుండేవాడు. అరవై నాలుగో నంబరు. వేగం తక్కువ, నిజాయితీ ఎక్కువ. తండ్రి పనిచేసే ఉక్కు కర్మాగారం మూతపడింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. స్కాలర్‌షిప్పు పోతే చదువు పోయినట్టే. తన ఆట చూసుకోవడానికి నా గదికి వచ్చేవాడు, అక్కణ్ణించి మా ఇంటికి భోజనానికి. మా ఆవిడకి నోరు తిరక్క ఢిల్లీబాబు అనేది. పప్పూ అన్నం కలిపి చెంచాతో తవ్వుతుంటే, "ఢిల్లీబాబూ, అది గని కాదు నాన్నా, కంచం" అనేది. వాడికి అర్థం కాక "యెస్ మేడమ్" అని మరింత తవ్వేవాడు.

ఆ మార్చిలో డెల్బర్ట్ ఒక ఉత్తరం పట్టుకుని వచ్చాడు. వాళ్ళ ఊరికి దగ్గర్లో చిన్న కాలేజీ ఉంది. అక్కడి కోచ్ పిలుస్తున్నాడు. రెండేళ్ళ చదువు మిగిలింది, అది పూర్తయ్యేదాకా చోటిస్తానన్నాడు. ఇక్కడ స్కాలర్‌షిప్పు ఏడాదికోసారి కోచ్ మళ్ళీ ఇవ్వాలి.

"సర్, కోచ్ నన్ను ఉంచుకుంటారా? నేనడిగితే నమ్మకం లేనట్టుంటుంది. మీరు అడగరా?"

అడిగాను. కోచ్ ఈల కొరుకుతూ విన్నాడు. "ప్రొఫెసర్, నేను వందసార్లు చెప్పిన మాట నువ్వు వినలేదా?"

"విన్నాను."

"అదే వాడికి చెప్పు."

చెప్పాను. "నిన్ను వదులుకోడు. నా మాట" అన్నాను. డెల్బర్ట్ నా బల్ల దగ్గరే కూర్చుని, నా కలంతోనే ఆ చిన్న కాలేజీకి రానని రాశాడు.

ఏప్రిల్లో కోచ్ తొమ్మిది పేర్లున్న కాయితం ఇచ్చాడు. "ఒక్కొక్కడి తప్పులన్నీ ఏరి ఒక్కో రీలు చెయ్యి. వేసవిలో దిద్దుకుంటారు." ఎంత గొప్ప ఆలోచన అనుకున్నాను. రెండు వారాలు అన్నం ధ్యాస లేకుండా పనిచేశాను. డెల్బర్ట్‌కి ఆ ఏడాదిలో మూడు తప్పులు దొరికాయి. పట్టుకెళ్ళి చూపించాను.

"ఇంతేనా? కిందటేడూ తవ్వు."

తవ్వాను. ఏడయ్యాయి. ఏడింటినీ అతికి వేసి చూసుకున్నాను. వందసార్లు నిలబడి ఏడుసార్లు పడ్డవాడు, ఆ వంద తీసేస్తే, పడటం తప్ప తెలియనివాడు. పన్నెండేళ్ళు ఫిల్ము కోసినవాణ్ణి, కత్తెరేం చేస్తుందో నాకు తెలియాలి. తెలిసింది కూడా. కానీ దిద్దడానికే కదా అనుకున్నాను. డబ్బా మీద నా గుండ్రటి రాతతో వాడి పేరు రాశాను.

"తొమ్మిదిమందికే ఎందుకు? మిగతావాళ్ళకి తప్పుల్లేవా?" అంది మా ఆవిడ.

"ఆయనకి తెలీదా ఏం?"

"ఆయనకి తెలుసు. మీకు తెలుసా అని."

మే నెలలో ఒక మంగళవారం డెల్బర్ట్ వంతు. వాళ్ళమ్మని కూడా రమ్మన్నారు. చర్చికి వేసుకునే నీలం గౌనులో వచ్చింది. "లొరెట్టా!" అని కోచ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. దీపాలు ఆర్పాడు. నేను రీలు తిప్పాను.

మొదటి తప్పు వచ్చింది. ఆపమంటాడని స్విచ్చి మీద వేలు పెట్టుకుని ఉన్నాను. అనలేదు. రెండోది. వెనక్కి తిప్పమనలేదు. టోపీ తీసి తెర మీద పెట్టలేదు. పాదాలు చూడమనలేదు. ఆ రెండేళ్ళలో ఆయన ఒక్క ముక్కని కూడా ఒక్కసారే చూసి వదలగా నేను చూడలేదు. రీలు మొదలునుంచి చివరిదాకా తిన్నగా పోయింది. ఫిల్ము తోక చక్రం మీద టపటపా కొట్టుకుంటోంది. అప్పుడు తెలిసింది నాకు. దిద్దేవాడైతే వెనక్కి తిప్పుతాడు.

దీపాలు వెలిగాయి. బల్ల మీద ఒక కాయితం సిద్ధంగా ఉంది: స్కాలర్‌షిప్పు నా ఇష్టప్రకారం వదులుకుంటున్నాను.

"లొరెట్టా, నీ కొడుకుని రెండేళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టి అవమానించడం నాకిష్టం లేదు. నువ్వు అర్థం చేసుకుంటావు. ఎక్కడైనా ఆడుకోగలిగిన చోటికి వెళ్ళనీ."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, "మీరు మంచివారు, కోచ్. ఇంత ఓపిగ్గా చూపించి చెప్పారు" అంది. డెల్బర్ట్ సంతకం పెట్టాడు. వెళ్ళేటప్పుడు నాకేసి చూశాడు. నా చెయ్యి ఇంకా ప్రొజెక్టరు మీదే ఉంది.

తొమ్మిదిమందీ వారం తిరక్కుండా వెళ్ళిపోయారు. వాళ్ళ చోట్లోకి కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళని చలికాలంలోనే మాట్లాడిపెట్టుకున్నాడట. అరవై నాలుగు అంకె వేరే వీపెక్కింది.

ఆ కొత్త వీపు చూసిన రోజు నేలమాళిగకి వెళ్ళి, ఆ దక్షిణాది ముసలి కోచ్ రీలు తీశాను. ఈసారి అంకె చూడలేదు, పాదాలు చూశాను. మొదటేడు డెబ్బై నాలుగు ఎడమకాలు ముందుపెట్టి వంగేవాడు. మూడో ఏడు డెబ్బై నాలుగు కుడికాలు. మొదటివాడికి దొడ్డికాళ్ళు, రెండోవాడికి తిన్నగా రెండు కర్రలు. మా ఆటలకి పాదాలు చూడమన్న మనిషి, ఆ రీలుకి మాత్రం కర్రతో అంకె చూపించాడు. నేను అంకె చూశాను.

కోచ్ గదికి వెళ్ళాను. తలుపు తట్టలేదు.

"ఆ డెబ్బై నాలుగు ఒకడు కాదు, ఇద్దరు" అన్నాను.

ఆయన ఈల నోట్లోంచి తీశాడు. "కనిపెట్టావా!" అన్నాడు. నిజంగా ముచ్చటపడ్డాడు.

"మీకు తెలుసా?"

"మొదటివాడి గది ఖాళీ చేయించింది నేనే. అప్పట్లో ఆయన దగ్గర అసిస్టెంటుని."

"మరి మీరన్న మాటో? వచ్చిననాడున్నవాడు గెలిచిననాడూ ఉంటాడన్న మాట?"

"ఆ మాట లేకపోతే రెండేళ్ళు ఓడిపోతూ ఎవడుంటాడు, ప్రొఫెసర్? కొత్తవాళ్ళు వచ్చేదాకా ఎవడో ఒకడు నిలబడాలిగా." లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ పని మాత్రం అద్భుతం. డెల్బర్ట్‌ది మరీ బాగా వచ్చింది. వాళ్ళమ్మే ఒప్పుకుంది."

ఆ చెయ్యి తోసేశానని రాస్తే బాగుంటుంది. తోయలేదు. జట్టు కోటు మాత్రం ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను.

తరవాతి కథ పట్టికలో ఉంది. ఆ శరదృతువులో గెలిచారు, ఊరేగింపు చేశారు. ఆఖరి పోటీ ఇంకా ఉండగానే ఆయన పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. ఆటగాళ్ళు రేడియోలో విన్నారు. జనం దానికి గుండెలు బాదుకున్నారు. నాకు నవ్వొచ్చింది. ఊరిని వదిలి పోవడం ఒక మోసమా? చిన్నది.

పట్టికలో లేనిది అంతకు ముందే, జూన్‌లో జరిగింది. ఇంట్లో తిండి మానేసి పడుకుంటే మా ఆవిడ అంది: "కోసిన చేతులు విరిగాయా? ఉన్నాయిగా. ఆ పిల్లాడి మంచివన్నీ ఏరి ఇంకోటి అతకండి."

సెలవులు. లైబ్రరీ ఖాళీ. రెండేళ్ళ ఫిల్ములోంచి డెల్బర్ట్ నిలబడ్డ ముక్కలన్నీ ఏరాను. అవతలివాణ్ణి మూడు గజాలు వెనక్కి నెట్టుకుపోయినవి, పడ్డ స్నేహితుడి మీద అడ్డంగా నిలబడ్డది. అంత బాగా నేను ఏ సినిమా అతకలేదు. వాడికి ఫోను చేసి, కారులో ఎక్కించుకుని, మార్చిలో పిలిచిన ఆ చిన్న కాలేజీకి రెండు గంటలు నడుపుకుంటూ తీసుకెళ్ళాను. వాణ్ణి కార్లోనే ఉండమన్నాను. ఎదురుగా ఉంటే ఆ కోచ్ మొహమాటపడతాడని.

అక్కడి కోచ్ కుర్రవాడు, మర్యాదస్తుడు. రీలు వేశాను. సగంలో, "ఇతను బాగున్నాడే!" అని ముందుకు వంగాడు. అంతలో లేచి, బీరువాలోంచి ఇంకో డబ్బా తీశాడు.

"అక్కడ మానేశాడని విని, పోయినవారం మీ కోచ్‌ని ఇతని గురించి అడిగాను. రివాజు ప్రకారం ఆయన ఇది పంపారు."

డబ్బా మీద డెల్బర్ట్ పేరు. గుండ్రటి రాత. నా చేతిలో డబ్బాకేసీ, తన చేతిలో డబ్బాకేసీ మార్చి మార్చి చూశాడు.

"రెండూ ఒకే చేతిరాత."

"రెండూ నేనే కోశాను."

"అయితే ఏది నిజం?"

ఉన్నదున్నట్టు చెప్పాను. ఇవి ఏరిన తప్పులు, అవి ఏరిన మంచి. రెండింటి మధ్యా మనిషి ఉన్నాడు, ఒక్క వేసవి చూడండి, తెలుస్తుంది అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మీరు నిజాయితీపరులే. కానీ నా పరిస్థితి చూడండి. అతని కోచ్ పంపిన రీలు ఇది. కోచ్‌కి చెప్పకుండా తెచ్చిన రీలు అది. పైగా ఉన్నవాళ్ళలో ఒక్కణ్ణి కూడా వదులుకోడని మీ కోచ్‌కి పేరు. అలాటి మనిషే వదులుకున్నాడంటే..." మాట పూర్తి చెయ్యలేదు. "నేను మార్చిలో పిలిచాను కూడా. రానన్నాడు."

ఎందుకు రానన్నాడో చెప్పాలని నోరు తెరిచాను. నా మాట నమ్మి రానన్నాడని. అప్పటికే ఆయన నా రీలు డబ్బాలో పెట్టి మూత నొక్కుతున్నాడు.

డెల్బర్ట్ కారు బానెట్‌కి ఆనుకుని, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర చెంచాతో తవ్వుతున్నాడు. నా మొహం చూసి చెంచా దించాడు.

"చోట్లు నిండిపోయాయట" అన్నాను.

తల ఊపి, డబ్బా మూతపెట్టి కార్లో కూర్చున్నాడు. రోడ్డుకి రెండువైపులా మొక్కజొన్న. ఆ నెలాఖర్న వాడు టెక్సస్‌లో చమురు బావుల పనికి పోయాడు. చదువు అక్కడితో సరి. వాణ్ణి చూడటం నాకా ప్రయాణమే ఆఖరు. ఆ రోజు ఊరు దగ్గరపడుతుండగా అడిగాడు.

"సర్, ఆ రోజు వేసిన రీలు... అన్ని తప్పులు, అంత వెతికి ఏరినది. అది ఎవరు చేశారు? మీరు తిప్పారంతే, మీరు చేసింది కాదని అమ్మతో చెప్పాను."

నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"కోచ్" అన్నాను.

"అనుకున్నాను" అన్నాడు. "నాకోసం ఇంత దూరం వచ్చారు. థాంక్యూ సర్" అన్నాడు.